చెవి గొట్టం

"ఆపండా గోల!" అని ఉరుము మేస్త్రీ అరిచేసరికి, షెడ్డులో గోల చేస్తున్నది ఆయనొక్కడే. అయినా అలవాటు కొద్దీ అందరూ ఆగిపోయారు. వ్యాను కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తున్న అల్లుడు చేతిలోని స్పానరును కదలకుండా పట్టుకున్నాడు. మేస్త్రీ తెల్ల కారు బానెట్ కింద నడుందాకా దూరి, జానెడున్నర రబ్బరు గొట్టం ఒక కొసను కుడి చెవిలో దోపుకుని, రెండో కొసను తిరుగుతున్న ఇంజిన్ మీద మెల్లగా జరుపుతూ కళ్ళు మూసుకున్నాడు. బనియన్ వీపు మీద చెమట నల్లగా అట్టకట్టింది. పొట్ట కారు అంచుకు నొక్కుకుని, ఊపిరి తీసినప్పుడల్లా బండి కొంచెం కిందికి దిగి పైకి లేస్తోంది.

ఆ గొట్టాన్ని షెడ్డులో ఇంకెవరూ ముట్టుకోకూడదు. పొద్దున మేకు మీంచి దించేది ఆయనే, సాయంత్రం తగిలించేది ఆయనే. ఇంజిన్ వైపు కొస వేడికి మాడి, అంచులు పెచ్చులు లేచాయి. చెవి వైపు కొస మాత్రం ఏళ్ళ తరబడి ఒకే చెవిలో నలిగి నున్నగా తేలింది. ఇంజిన్‌లో ఎక్కడ ఏ కీలు అరిగినా, ఎక్కడ గాలి కారినా ఆ గొట్టం పట్టేస్తుందని మేస్త్రీకి పేరు. గొట్టం చోటు చూపించాక ఆయన అక్కడ సుద్దతో చిన్న సున్నా చుట్టేవాడు. ఆ సున్నా పడ్డాక ఇక ఎవరూ ఎందుకని అడగకూడదు. అది షెడ్డు చట్టం.

"ఏమంటోంది మేస్త్రీ నీ గొట్టం? ఇంకా ఆలోచించుకుంటోందా?" అంది టైలరమ్మ.

ఆ కారు ఆమెది. స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న స్కూలు చొక్కాకు గుండీలు కుడుతోంది. సన్నటి మనిషి, సన్నటి గొంతు. ఆ గొంతుతో ఆవిడ ఎంతమంది బాకీదార్లను ఏడిపించిందో వీధి అంతటికీ తెలుసు. కారు పాతదే. అమ్మేయమన్న వాళ్ళందరినీ ఆవిడ శత్రువుల కింద జమకట్టేసింది. ఇప్పుడు ఆ జాబితాలో మేస్త్రీ కూడా చేరేలా ఉన్నాడు, ఎందుకంటే ఇదే జబ్బుకు ఇదే కారు మళ్ళీ మళ్ళీ షెడ్డుకు రావడం ఆవిడకు పరువు తక్కువగా ఉంది.

మేస్త్రీ పలకలేదు. వినపడి పలకలేదో, వినపడక పలకలేదో ఆయనకే తెలియాలి.

జబ్బు విచిత్రమైనదేమీ కాదు. బండి వేగం అందుకున్నాక గుర్రంలా పరిగెడుతుంది. నిదానంగా పోయేటప్పుడే దానికి చచ్చేంత నీరసం. మొదటి గేరులో ఎత్తు ఎక్కమంటే వణుకుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. నిన్న బడికి పోయే ఎత్తు మధ్యలో ఆగి, బట్టల మూటలతో సహా వెనక్కి జారింది.

"వెనకాల లారీ. వాడి బంపరు నా డిక్కీకి ఇంతే ఎడం" అని టైలరమ్మ సూదిని నిలువుగా పట్టుకుని చూపించింది. "హారన్ మీద చెయ్యి తియ్యలేదు దరిద్రుడు. బ్రేకు మీద నిలబడి దేవుళ్ళందర్నీ పిలిచా. ఇవాళ నయం కాకపోతే ఈ స్టూలు మీంచి లేవను, చెప్తున్నా."

మేస్త్రీ చేయవలసినవన్నీ చేశాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు సరిచేశాడు. ఈ పొద్దున ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి, అల్లుణ్ణి తాళం తిప్పమన్నాడు. ప్రతి రంధ్రమూ వేలిని ఒకే బలంతో తన్నింది. అంటే ఇంజిన్ గుండె నిక్షేపంగా ఉంది. ఇక మిగిలింది ఒకటే. ఎక్కడో సన్నటి చిల్లు పడి ఇంజిన్ దొంగచాటుగా గాలి పీలుస్తోంది. వేగం మీద బారెడు గాలి మింగేటప్పుడు ఆ చిల్లు లెక్కలోకి రాదు. నిదానంగా ఉన్నప్పుడే, గుక్కెడు గాలితో బతికేటప్పుడే, పెట్రోలు పాళ్ళు చెడిపోయి ఊపిరాడదు. ఇదంతా మేస్త్రీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చిల్లు ఉన్నచోట బుస్సుమని చప్పుడు రావాలి. ఆ చప్పుడే దొరకడం లేదు.

ఒకప్పుడు ఈయన చెవి మామూలు చెవి కాదు. బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "దాని ఫ్యాను బెల్టు ఇవాళో రేపో" అనేవాడు. సాయంత్రానికి ఆ బెల్టు తెగేది. దూరపు షెడ్లవాళ్ళు కూడా వచ్చి బతిమాలి తీసుకుపోయేవాళ్ళు. పెళ్ళిలో మేళం వాయించేవాడి వాయిద్యం పగిలిందని ఆయన చెప్తే, పట్టుకు చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారట. అప్పట్లో ఆయన్ని చెవి మేస్త్రీ అనేవాళ్ళు. ఉరుము అనే పేరు తర్వాత వచ్చింది, అరవడం మొదలుపెట్టాక.

అరుపులు ఎప్పుడు మొదలయ్యాయో ఆయనకు గుర్తులేదు. లోకమంతా ఏదో కుట్ర పన్నినట్టు గొణగడం మొదలుపెట్టింది, అంతే. బేరానికి వచ్చినవాళ్ళు గొణుగుతారు. కూతురు గొణుగుతుంది. కుక్కరు కూత వెయ్యడం మానేసింది. పిచ్చుకలు నోళ్ళు తెరిచి మూస్తున్నాయే గానీ ఏమీ అనడం లేదు. కుడి చెవి మీద మాత్రం ఆయనకు అనుమానమే రాలేదు. మనిషికి మతిపోవచ్చు గానీ ఉరుము మేస్త్రీకి చెవి పోవడమేమిటి?

భార్యకు మాత్రం ఎప్పుడో తెలుసు. పొద్దున ఆయన వీపు తిప్పుకుని చెప్పులు వేసుకుంటుంటే వెనక నిలబడి మామూలు గొంతుతోనే, "ముసలాడా, ఈ జన్మకి నీకు బుద్ధి రాదు. నీతో వేగలేక నా నడుం పడిపోయింది" అంటుంది. ఆయన నిశ్చింతగా చెప్పు బకిలు పెట్టుకుంటాడు. మొదట్లో ఆవిడకు అది పరీక్ష. తర్వాత సరదా. ఇప్పుడు రోజూ అనకపోతే పొద్దు గడవదు. ముప్పొద్దులా తనమీద అరిచే మనిషిని రోజుకొక్కసారైనా తిరిగి తిట్టుకునే వీలు దొరికిందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఆయనకు అసలే చెప్పలేదు.

"మేస్త్రీ" అని టైలరమ్మ ఉన్నట్టుండి కుట్టడం ఆపింది. "ఆ సన్నగా బుస్సుమంటోంది ఏంటి?"

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఇంజిన్ నిదానంగా తిరుగుతోంది. అల్లుడు వ్యాను కింద నుంచి తల బయటపెట్టాడు. ఆ బుస అతనికి నిన్ననే వినపడింది. మామ పట్టుకుంటాడులే అని ఊరుకున్నాడు.

మేస్త్రీ ఆవిడ పెదాలు చూశాడు. బుస్సు అన్నమాట అందింది. గొట్టాన్ని చెవిలోకి ఇంకా లోతుగా నొక్కుకున్నాడు. ఏమీ లేదు.

"పాత బండి కదమ్మా. ముసలాళ్ళకి ఆయాసం ఉండదా?" అన్నాడు.

"నాకు లేదు" అంది టైలరమ్మ.

అల్లుడు తల లోపలికి లాక్కున్నాడు. ఆ తల లోపలికి పోతూ నవ్విందని మేస్త్రీకి గట్టి నమ్మకం. ఈ అల్లుణ్ణి ఆయనే ఏరికోరి తెచ్చుకున్నాడు. పనిమంతుడు, తాగడు, కూతుర్ని పల్లెత్తు మాట అనడు. కానీ మీటర్లు లేనిదే, కొలతలు చూడనిదే నమ్మడు. గాలి కారేచోటు వెతకాలంటే క్షవరం దుకాణంలో ఉండే నీళ్ళ సీసా లాంటిది పట్టుకుని, ఇంజిన్ మీద అక్కడా ఇక్కడా చిమ్ముతాడు. చిల్లు మీద నీళ్ళు పడితే ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతుంది, అదే గుర్తు. "ఇది మెకానిక్ షెడ్డా, మంగలి కొట్టా?" అని మేస్త్రీ వచ్చిన ప్రతివాడి ముందూ నవ్వేవాడు. "నా కూతురికి చెవిలేని సంబంధం చేశానండీ" అనేవాడు. అల్లుడు ఆ మాటలన్నీ దిగమింగుకుని, ఒక్కటీ మర్చిపోకుండా దాచుకున్నాడు.

మధ్యాహ్నం కూతురు క్యారేజీ తెచ్చింది. మామా అల్లుళ్ళు ఒకే బల్లకు చెరో కొసన కూర్చుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ మేస్త్రీ టైలరమ్మ వైపు తిరిగి, "హెడ్డు విప్పాలి" అన్నాడు.

"అంటే?"

"ఇంజిన్ తల విప్పి చూడాలి. లోపల వాల్వులు పోయుంటాయి."

అల్లుడు నీళ్ళ గ్లాసు దించాడు. "హెడ్డు బాగుంది మామయ్యా. పొద్దున మీరే కదా వేలు పెట్టి చూశారు."

"ఏంటీ?"

"మీ వేలే చెప్పింది కదా అంటున్నా."

"గొణక్కు! చెప్పేదేదో నోరు తెరిచి చెప్పు!"

"హెడ్డు బాగుంది!" అని అల్లుడు మొదటిసారి మామ మీద అరిచాడు. కూతురు క్యారేజీ గిన్నెలు సర్దుతూ ఆగిపోయింది. అల్లుడు లేచి, నీళ్ళ సీసా తెచ్చి, తెల్ల కారు అంచు మీద టక్కున పెట్టి, మళ్ళీ వ్యాను కిందికి పోయాడు.

సీసా అక్కడ నిలబడి ఉంది. మేస్త్రీ దానివంక చూశాడు. హెడ్డు విప్పితే దొరికేదేమీ లేదని ఆయన బొటనవేలికి తెలుసు. బాగున్న ఇంజిన్‌ను చేతులారా కోసి పెట్టడమే అవుతుంది. అయినా ఆ సీసా ముట్టుకోవడం కంటే ఇంజిన్ మొత్తం ముక్కలుగా విప్పడమే ఆయనకు తేలికనిపించింది. ఆ సీసా పట్టుకున్నాడంటే ఇన్నాళ్ళు నవ్విన నవ్వంతా తిరిగొచ్చి తన మొహానే పడుతుంది. ఆ తర్వాత ఈ షెడ్డులో తను ఎవరు? అరిచే ముసలాడు, అంతే.

ఆఖరిసారి చూద్దామనుకున్నాడు. గొట్టంలో నూనె పేరుకుందేమోనని చెవి వైపు కొస నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. గాలి పోలేదు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి వెనక్కి తన్నింది. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఒక కంటితో చూశాడు. చీకటి.

అప్పుడు నిజంగానే ఉరిమాడు.

"ఎవడ్రా నా గొట్టంలో మట్టి కొట్టింది?" అని గొట్టం ఊపుతూ వ్యాను దగ్గరికి పోయి దాని పక్క రేకు మీద బాదాడు. "బయటికి రా! నా చెవి మూసి, నా నోరు మూసి, షెడ్డు మొత్తం నీ పేర రాయించుకుందామనా? నలుగురిలో నన్ను వెధవని చేద్దామనా? అన్నం పెట్టి, పని నేర్పి, పిల్లనిస్తే ఇదా నువ్వు చేసేది?"

"నాన్నా!" అంది కూతురు.

"నువ్వు మాట్లాడకు! నీ మొగుడు దొంగ!"

అల్లుడు బయటికొచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది. మామ చేతిలోంచి గొట్టాన్ని లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆ గొట్టం మీద ఇంకొకరి చెయ్యి పడడం అదే మొదలు. బల్ల మీది సన్నటి తీగ తీసుకుని గొట్టంలోకి గుచ్చి బలంగా తోశాడు. రెండో కొసలోంచి ఎండిన మట్టి బెడ్డలు రాలాయి. వాటి వెంట పెళుసుగా ఎండిపోయిన సాలీళ్ళు, ఒక ఖాళీ గూటి పొట్టు రాలాయి.

"కందిరీగ గూడు" అన్నాడు అల్లుడు. "మీరు జ్వరంతో పడుకున్నప్పుడు కట్టుంటుంది. పిల్లకి మేతగా ఈ సాలీళ్ళని పెట్టుంటుంది. పిల్ల కూడా ఎప్పుడో ఎగిరిపోయింది, చూడండి."

జ్వరం వచ్చి తగ్గి చాలా రోజులైంది. అప్పట్నుంచి ఎన్ని బండ్లొచ్చాయి, ఎన్నిటి మీద ఈ గొట్టం పెట్టి కళ్ళు మూసుకున్నాడు, ఎన్ని సున్నాలు చుట్టాడు అన్నది అందరి మనసుల్లోనూ ఒక్కసారే తిరిగింది. మూసుకుపోయిన గొట్టానికీ తెరుచుకున్న గొట్టానికీ ఆ చెవికి తేడా తెలియలేదు.

టైలరమ్మ నవ్వింది. చెడ్డ మనిషి కాదు గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "మట్టి పెట్టుకుని మా బండ్లు చూస్తున్నావా మేస్త్రీ ఇన్నాళ్ళూ!" అంది. ఆ సన్నటి మాట ఆయనకు వినపడలేదు. నవ్వు మాత్రం కనపడింది.

మేస్త్రీ అల్లుడి చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు. ఇప్పుడు దాంట్లోంచి వెలుతురు గుండ్రంగా కనిపిస్తోంది. "ఇంజిన్ వెయ్యి" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడడం కూతురు చాలాకాలం తర్వాత విన్నది. భయం వేసింది.

బానెట్ కింద వంగి గొట్టాన్ని చెవిలో పెట్టుకున్నాడు. ఇంజిన్ దడదడ అందుతోంది. దానిపైన ఉండవలసిన సన్నటి సంగతంతా ఎవరో కత్తిరించి పారేసినట్టు ఉంది. కార్బురేటరు అడుగున పెట్టాడు. గొట్టాల కూడలిలో పెట్టాడు. ఏమీ లేదు. ఇంతమంది చెవుల్లో పడుతున్న బుస తన చెవి దాకా వచ్చి గుమ్మంలోంచే తిరిగిపోతోంది. కుట్ర ఎవరూ పన్నలేదు. కుక్కరు కూస్తూనే ఉంది. పిచ్చుకలు అరుస్తూనే ఉన్నాయి. ఆయనకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది, ఆ రెంటినీ చూస్తున్న వాళ్ళందరి మీదా ఒళ్ళుమండింది.

గొట్టాన్ని భుజం మీద వేసుకుని నీళ్ళ సీసా అందుకున్నాడు.

అల్లుడు అటు తిరిగి నిలబడ్డాడు. చూడకపోవడమే మర్యాద అనుకున్నాడేమో. మేస్త్రీ ఎడమ అరచేతిని ఇంజిన్ మూత మీద ఆనించి, కుడిచేత్తో ఒక్కొక్క అతుకు మీదా నీళ్ళు చిమ్ముతూ పోయాడు. ఇంజిన్ నుంచి బ్రేకుకు పోయే రబ్బరు పైపు, అది వంపు తిరిగే చోట, కింది వైపు తడపగానే అరచేతి కింద ఇంజిన్ తడబడింది. మళ్ళీ చిమ్మాడు. మళ్ళీ తడబడింది. వేలు కిందికి పోనిచ్చి తడిమాడు. పైకి కొత్తగా కనపడే పైపు అడుగున గోరంత చీలిక, వేలి చర్మాన్ని ఆబగా లోపలికి లాగుతోంది. జేబులోంచి సుద్దముక్క తీసి సున్నా చుట్టబోయి, ఆగి, ముక్కను మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"పైపు తెప్పించు" అన్నాడు.

పైపు వచ్చింది. ఆయనే బిగించాడు. టైలరమ్మ కారు ఎక్కి, షెడ్డు ముందున్న ఎత్తు మీదికి మొదటి గేరులో కావాలని నత్తలా పోనిచ్చి, మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించింది. కారు వణకలేదు, దగ్గలేదు. పైదాకా పోయి తిరిగొచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అంది. మేస్త్రీ ఆవిడ నోరు కదలడం చూసి, అది తిట్టే అనుకుని మొహం తిప్పుకున్నాడు. నిజానికి ఆవిడ, "నవ్వినందుకు ఏమనుకోకు మేస్త్రీ" అంది. జవాబు రాకపోయేసరికి, "అబ్బో, ఇంకా ఆ పొగరుకేం తక్కువ లేదు" అనుకుని వెళ్ళిపోయింది.

పొద్దు ఇంకా ఉంది. మేస్త్రీ సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. గుడ్డతో స్పానర్లు తుడిచి, సైజువారీగా పెట్టెలో సర్ది, పెట్టె అల్లుడి వైపు కాలితో తోశాడు. గొట్టాన్ని మేకుకు తగిలించాడు. చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ గేటు వైపు నడిచాడు.

అల్లుడు ఆ వీపును చూస్తూ నిలబడ్డాడు. పగలంతా ఉడికిన కోపం ఎందుకో ఒక్కసారిగా చల్లారింది. జ్వరం తగ్గాక మామ చూసిన బండ్లను తలుచుకున్నాడు. మూగ గొట్టంతో చూసినవే అవన్నీ. ఈ తెల్ల కారు తప్ప ఒక్కటీ వెనక్కి రాలేదు.

"మామయ్యా" అన్నాడు. "ఆ మట్టి గొట్టంతోనే కదా అన్నీ సరిగ్గా చెప్పారు. చెవి లేకపోతే పోయింది. రేపు పొద్దున్నే రండి. మీరు చెప్పండి, నేను వింటా."

మేస్త్రీ ఆగలేదు. వెనక్కి తిరగలేదు. గేటు దాటి ఎడమవైపు మలుపు తిరిగిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఇంటి అరుగు మీద వీధికి వీపు పెట్టి కూర్చుంటున్నాడని కూతురు చెప్పింది.

"నువ్వేమీ అనలేదా ఆ రోజు?" అని మొగుణ్ణి అడిగింది.

"రమ్మన్నా. బతిమాలినట్టే చెప్పా. కనీసం తిరిగి చూళ్ళేదు మీ నాన్న."

"ఎక్కడ నిలబడి చెప్పావు?"

అల్లుడు చేతిలోని స్పానరు వంక చూసుకున్నాడు. తర్వాత గేటు వంక చూశాడు. అదే మాట ఇంటికి పోయి, ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పాలని ఆ సాయంత్రమే అనుకున్నాడు. మర్నాడూ అనుకున్నాడు. నా కూతురికి చెవిలేని సంబంధం చేశానండీ అని నలుగురిలో నవ్విన మొహం అది. వీపుకు చెప్పగలిగిన మాట ఆ మొహానికి చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

గొట్టం మేకుకే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎండ కాస్త తగ్గాక ఒక కందిరీగ ఎక్కడినుంచో తడిమట్టి ఉండ పట్టుకొచ్చి, నున్నగా తేలిన ఆ చెవి కొస చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి పోయింది.